సముద్రాన్ని మొత్తంగా చూడలేదని కేసు వేస్తే నిలుస్తుందా?

ప్రశ్న: మాది మత్స్యకారుల సంఘం. చేపలు గుడ్లు పెట్టే తావుకు రెండు కిలోమీటర్ల దూరంలో సముద్రం అడుగు నుంచి ఇసుక తోడుకోవడానికి ఒక కంపెనీకి అనుమతి ఇచ్చారు. గనుల శాఖ, మత్స్యశాఖ, ఓడరేవుల శాఖ ఎవరి ఫైలు వారే చూసి సంతకాలు పెట్టేశారు. సముద్రాన్ని జీవావరణ వ్యవస్థగా, సమగ్రంగా నిర్వహించాలని అంతర్జాతీయ ఒప్పందాలు చెబుతున్నాయట. మా చట్టాల్లో ఆ మాటే లేదు. అయినా కోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చు. కానీ పిటిషన్‌ను ఆ మాట మీద నిలబెట్టకండి. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలో కూడా జీవావరణ నిర్వహణ పేరుతో ఒక్క ఆర్టికల్ లేదు. సముద్ర సమస్యలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినవని, వాటిని మొత్తంగా చూడాలని పీఠికలో ఉంది. పీఠికను చూపించి ఒక అనుమతిని కొట్టేయించడం దాదాపు అయ్యే పని కాదు.

మీకు పనికొచ్చేవి విడివిడి బాధ్యతలు. సముద్ర పర్యావరణాన్ని కాపాడాలని ఆర్టికల్ 192 చెబుతుంది. అరుదైన, సున్నితమైన జీవావరణాలను, ఆపదలో ఉన్న జీవుల ఆవాసాలను కాపాడే చర్యలు తీసుకోవాలని 194(5) అంటుంది. పట్టే చేపనే కాక, దానిమీద ఆధారపడిన జీవులను కూడా లెక్కలోకి తీసుకోవాలంటుంది 61(4). తలపెట్టిన పని గణనీయమైన హాని చేయవచ్చని నమ్మడానికి సహేతుక కారణాలుంటే, వీలైనంత మేరకు ముందే ప్రభావాన్ని మదింపు చేయాలని 206 అంటుంది. దక్షిణ చైనా సముద్రం వివాదంలో 2016 జూలై 12న ఇచ్చిన తీర్పులో ఈ ఒప్పందం కింద ఏర్పడిన ట్రిబ్యునల్ వీటిలో 192, 194(5), 206 ఆర్టికళ్ల ఉల్లంఘనలను తేల్చింది. మదింపు చేశామని చెప్పుకుంటే చాలదు, దాని నివేదిక అందజేయాలని కూడా అందులో ఉంది.

ఇక్కడ ఒక మెలిక. కొన్ని దేశాల్లో ఒప్పందం నేరుగా వర్తిస్తుంది. మరికొన్నింటిలో దేశీయ చట్టం తేనిదే వర్తించదు. మీది రెండో రకమైతే పై ఆర్టికళ్లను మీ పర్యావరణ చట్టానికి అర్థం చెప్పే ఆధారంగానే వాడాలి, హక్కుగా కాదు. 2026 జనవరి 17న అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ జలాల జీవవైవిధ్య ఒప్పందాన్ని చాలామంది పిటిషన్లలో చేర్చాలని చూస్తారు. అది ప్రధానంగా దేశాల పరిధి దాటిన సముద్రం కోసం. తీరం దగ్గరి ఇసుక తవ్వకంలో దాన్ని చూపిస్తే అవతలి లాయరుకు పని తేలికవుతుంది.

ముందుగా ఫైలు సంపాదించండి. అనుమతి ఉత్తర్వు, షరతులు, మదింపు నివేదిక, మూడు శాఖల అభిప్రాయాలు, ప్రజాభిప్రాయ సేకరణ రికార్డు అన్నీ రాతపూర్వకంగా అడగండి. అప్పీలు గడువు ఏ రోజు నుంచి నడుస్తుందో అదే రోజు చూసుకోండి. ఇలాంటి కేసులు సైన్సులో కంటే గడువులో ఎక్కువగా ఓడిపోతాయి.

నివేదికలో మూడు చోట్ల వేలు పెట్టండి. అధ్యయనం ఏ నెలల్లో జరిగింది? గుడ్లు పెట్టే కాలం వదిలేసి ఉంటే పునాది లెక్కే తప్పు. తవ్వినప్పుడు లేచే సన్నటి బురద ప్రవాహంతో ఎటు పోతుందో లెక్కించారా? రెండు కిలోమీటర్ల దూరం పటంలో దూరంగానే కనిపిస్తుంది. ప్రవాహం అటే ఉంటే బురద గుడ్ల మీద పేరుకుంటుంది. ఇక అదే తావులో ఓడరేవు పూడికతీత, ట్రాలింగ్, ఈ తవ్వకం కలిస్తే ఏమవుతుందో ఎవరైనా చూశారా? ఒక్కొక్కటి విడిగా హద్దులోనే ఉండి, మూడూ కలిసి హద్దు దాటవచ్చు. మీ కేసు బలమంతా ఇక్కడే.

మొత్తం లెక్క బాగుంటే చాలదనడానికి అంటార్కిటికా క్రిల్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు) ఉదాహరణ చెప్పవచ్చు. అక్కడ 48వ నంబరు వేట ప్రాంతంలో ఏడాదికి 6,20,000 టన్నుల పరిమితి ఉంది. అదంతా ఒకే చోట పట్టేస్తే పెంగ్విన్ల మేత పోతుందని ఉప ప్రాంతాలుగా పంచారు. 48.1 అనే ఉప ప్రాంతానికి దక్కింది 25 శాతం, అంటే 1,55,000 టన్నులు. ఆ పంపకాన్ని 2024లో పొడిగించలేదు, మొత్తం పరిమితి మాత్రం అలాగే ఉంది. ఎంత అన్నదానితో పాటు ఎక్కడ, ఎప్పుడు అన్నది కూడా నిర్వహణలో భాగమని జడ్జిగారికి అర్థమవడానికి ఇది చాలు.

శాస్త్రవేత్తల అంకెలు తప్పని వాదించకండి. నిపుణుల మాట దగ్గర కోర్టులు సాధారణంగా వెనక్కి తగ్గుతాయి. చూడాల్సింది చూడలేదని వాదించండి. స్టే కోసం అఫిడవిట్‌లో తావు అక్షాంశ రేఖాంశాలు, గుడ్లు పెట్టే నెలలు, గత సంవత్సరాల మీ పట్టుబడి పుస్తకాలు జత చేయండి. ‘సముద్రం నాశనమవుతుంది’ అన్న వాక్యానికి స్టే రాదు.

అనుమతి రద్దు ఒక్కటే కోరకండి. ప్రత్యామ్నాయంగా గుడ్ల కాలంలో తవ్వకం నిలిపివేత, నీటి మడ్డితనం నిర్ణీత హద్దు దాటగానే యంత్రాలు ఆగేలా షరతు, ఆ కొలతలు రోజూ బయటపెట్టడం కోరండి. పూర్తిగా ఆపడానికి తటపటాయించే కోర్టు ఇవి ఇవ్వడానికి వెనుకాడకపోవచ్చు.

మరొకటి. కోర్టు అక్కడ రక్షిత ప్రాంతం ప్రకటించమంటే మీ వేట మీదా ఆంక్షలు రావచ్చు. 2010లో బ్రిటన్ హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల చుట్టూ ప్రకటించిన రక్షిత ప్రాంతాన్ని, మారిషస్ హక్కులను తగినంతగా పట్టించుకోలేదని, 2015 మార్చి 18న ట్రిబ్యునల్ ఒప్పంద విరుద్ధమని తేల్చింది. అది దేశాల మధ్య వివాదమే అయినా, సంప్రదింపులు సరిగా లేకపోతే సంరక్షణ చర్యకూ అదే గతి అని చూపించడానికి పనికొస్తుంది. అందుకే మీ సంఘాన్ని సంప్రదించాకే ఏ ప్రకటనైనా చేయాలన్న కోరికను పిటిషన్‌లోనే రాయించండి.