పెద్దవాళ్ళని కంట్రీ మ్యూజిక్ ఉండే పల్లెటూరి రెస్టారెంట్‌కి తీసుకెళ్ళొచ్చా? తీసుకెళ్ళండి, శనివారం ఒక్కటి చూసుకోండి

ప్రశ్న అడిగినవారు అట్లాంటాలో ఉంటారట, ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు, కొండల వైపు ఫ్యామిలీ స్టైల్ భోజనం పెట్టి పాతకాలం కంట్రీ మ్యూజిక్ లైవ్‌లో వాయించే చోటికి తీసుకెళ్తే నచ్చుతుందా, బోరు కొడుతుందా అని.

నచ్చుతుంది. మీకంటే వాళ్ళకే ఎక్కువ నచ్చుతుంది, కావాలంటే రాసిస్తా. పెద్దవాళ్ళు రాగానే మనవాళ్ళు చేసేదేంటి, నయాగరా, న్యూయార్క్, ఓ అవుట్‌లెట్ మాల్, వీకెండ్ గుడి, మిగతా రోజులు సోఫాలో యూట్యూబ్. ఆర్నెల్లు ఈ దేశంలో ఉండి ఇక్కడి మనిషితో నాలుగు మాటలు మాట్లాడకుండా విమానం ఎక్కేస్తారు పాపం.

మా అమ్మానాన్న వచ్చినప్పుడు నార్త్ జార్జియా కొండల్లో ఒకచోటికి తీసుకెళ్ళా. పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. రేకుల కప్పు, వరండాలో ఊగే కుర్చీలు, ముందు కంకర మీద అన్నీ పికప్ ట్రక్కులే. లోపల పొడుగు బల్లలు, మనకంటూ విడిగా టేబుల్ ఇవ్వరు, ముక్కూమొహం తెలియనివాళ్ళ పక్కన కూర్చోపెట్టేస్తారు. మెనూ కార్డు లేదు. ఆ పూట వండినవన్నీ పెద్ద గిన్నెల్లో తెచ్చి బల్ల మీద పెట్టేస్తారు, ఫ్రైడ్ చికెన్, మాష్డ్ పొటాటో, గ్రేవీ, బీన్స్, మొక్కజొన్న, పిండిలో దొర్లించి వేయించిన బెండకాయ, వేడి వేడి బిస్కెట్లు (టీలో ముంచుకునేవి కాదు, మెత్తటి చిన్న రొట్టెల్లాంటివి). వేసుకుని గిన్నె పక్కవాళ్ళకి అందించాలి, అయిపోతే మళ్ళీ తెస్తారు.

మమ్మల్ని చూశారా అంటే చూశారు, అమ్మ చీర వంక ఓ రెండు నిమిషాలు. ఆ తర్వాత ఎవరి చికెన్ గొడవ వాళ్ళది.

అమ్మకి మాత్రం గిన్నె అందుకుని తనే వేసుకోవడం చేతకాలేదు. లేచి నిలబడి, గరిటె పుచ్చుకుని, ఎదురుగా ఉన్న ముసలి దంపతులకి వడ్డించడం మొదలుపెట్టింది. కూర్చోమ్మా, ఇక్కడ అలా చెయ్యరు అంటే "ఊరుకోరా, ఆవిడ చెయ్యి వణుకుతుంటే కనపడట్లేదూ" అంది. ఆవిడ నవ్వేసి ప్లేటు ముందుకి జరిపింది. చాలు చాలు అంటున్నా ఇంకో గరిటె పడింది. తర్వాత మొత్తం బల్లకి మారు వడ్డన కూడా అయింది, వెయిట్రెస్ వచ్చి నా ఉద్యోగం పోయేలా ఉందే అని వెళ్ళింది.

ఇక శనివారం గొడవ. మా ఇంట్లో శనివారం నీచు ముట్టరు, వెంకటేశ్వరస్వామి రోజు. ఈ మ్యూజిక్కేమో చాలాచోట్ల శనివారం రాత్రే. వెళ్ళగానే వెయిట్రెస్‌ని అడిగా బీన్స్‌లో మాంసం ఉందా అని, "లేదు హనీ, ఉట్టి కూరగాయలే" అంది. రెండు స్పూన్లు తిన్నాక అమ్మ ఫోర్కుకి ఓ గోధుమరంగు ముక్క తగిలింది, చూస్తే పంది. ఈ అమెరికా సౌత్‌లో బీన్స్ అయినా ఆకుకూర అయినా బేకన్ ముక్కో హామ్ ఎముకో పడేసి గంటల తరబడి ఉడికిస్తారు, వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు, తాలింపు. మెకరోనీ చీజ్‌ని కూరగాయల వరసలో రాసే జనం కదా. అమ్మ ఏమీ అనలేదు, బయటికెళ్ళి నోరు పుక్కిలించి, గోవిందా అనుకుని వచ్చి బిస్కెట్ తింది. పాతపద్ధతిలో ఆ బిస్కెట్ పిండిలోనూ లార్డ్, అంటే పంది కొవ్వు, కలుపుతారు, ఆ ముక్క నేను ఇంతవరకూ ఆవిడకి చెప్పలేదు.

ఏడింటికి వాయించడం మొదలైంది. స్టేజీ అంటే మూలన జానెడు ఎత్తు చెక్కలు. అయిదుగురు పెద్దవాళ్ళు, బాంజో (డప్పుకి తీగలు బిగించినట్టుంటుంది), ఫిడిల్, గిటార్, మాండలిన్, మనిషంత ఎత్తున్న వయొలిన్ లాంటి బేస్. అందరికీ కలిపి ఒకటే మైకు, ఎవరి వంతు వస్తే వాళ్ళు దాని ముందుకొచ్చి వాయించి పక్కకి తప్పుకుంటారు. పాట నడుస్తుండగా "గ్రేవీ ఇలా ఇవ్వండి" అంటే వినపడుతుంది! మన ఫంక్షన్లలో, అది డాలస్ అవనీ తెనాలి అవనీ, డీజే సౌండుకి పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు, ఆ స్పీకర్లు కనిపెట్టినవాడు ఏ లోకంలో ఉన్నాడో.

మా నాన్నగారు సంగీతం నేర్చుకున్న మనిషి కాదు. పాలకొల్లు దగ్గర మా ఊరు, శ్రీరామనవమి పందిట్లో కచేరీలు ముందు వరసలో కూర్చుని విన్న మనిషి, అంతే. ఆయన మొదటి ప్రశ్న, "మృదంగం లేదు, డోలక్ లేదు, తాళం ఎలా నిలబడుతోందిరా?" నేను ఫోన్ తీసేలోపు ఆయనే పట్టేశారు. బేస్ ఒక దెబ్బ వేస్తే, తర్వాతి దెబ్బకి మాండలిన్ ఆయన తీగల్ని టక్కున కొట్టి వెంటనే వేళ్ళతో నొక్కేస్తున్నాడు, ఆ "చక్" అనేదే వీళ్ళ డ్రమ్ము. చాప్ అంటారట. ఈ తరహా కంట్రీ మ్యూజిక్‌ని బ్లూగ్రాస్ అంటారు, దాన్ని మొదలెట్టిన బిల్ మన్రో కూడా మాండలిన్ ఆయనే, 1911లో కెంటకీలో పుట్టాడు, 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ అనే ఆయన మూడు వేళ్ళతో మీటే బాంజోతో వచ్చి చేరాక మన్రో బ్యాండు పట్టిన జోరే ఇప్పటికీ అందరూ వాయించేది. బాంజో మాత్రం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం వాయిద్యం, ఆ సంగతి అక్కడ మైకులో ఒక్కళ్ళూ ఎత్తలేదు, నాకది గుచ్చుకుంది.

బ్రేకులో మాండలిన్ పెద్దాయన వరండాలో కూర్చుని శ్రుతి చేసుకుంటుంటే నాన్నగారు తిన్నగా వెళ్ళి "మా పాలకొల్లు కుర్రాడండీ, మాండలిన్ శ్రీనివాస్" అని తెలుగులోనే మొదలెట్టేశారు. నేను పరిగెత్తుకెళ్ళి తర్జుమా చేసి, ఫోన్లో శ్రీనివాస్ కర్ణాటక సంగీతం కచేరీ పెట్టా. ఆ పెద్దాయనకి కాస్త చెముడు అనుకుంటా, ఫోను చెవికి ఆనించుకున్నాడు. మొహంలో ఏమీ లేదు, ఎడమచెయ్యి మాత్రం ఒళ్ళో ఉన్న మాండలిన్ మెట్ల మీద వెతుక్కుంటూ పోయి ఒకచోట ఆగిపోయింది. ఆ జారుడు ఎలా వస్తోంది అన్నాడు. నాన్నగారు ఆయన వేలు పట్టుకుని తీగని అటూ ఇటూ లాగించారు. ఎక్కడ వస్తుంది, వాళ్ళ మాండలిన్‌కి జంట తీగలు, నాలుగు జతలు, బిగువు ఎక్కువ. శ్రీనివాస్‌ది అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. అది చెప్తే "అయితే అది మోసం" అని పగలబడి నవ్వి, పేరు స్పెల్లింగ్ అడిగి అరచేతిలో పెన్నుతో రాసుకున్నాడు.

2014లో పోయాడు శ్రీనివాస్, 45 ఏళ్ళకే. మన తెలుగు సభల్లో ఆయన పేరెత్తగా నేను వినలేదు. సినిమా సింగర్లకి బిజినెస్ క్లాస్ టికెట్లు, బుర్రకథ వాళ్ళకేమో జనమంతా భోజనాల క్యూలో ఉన్నప్పుడు ఇరవై నిమిషాలు. సరే ఇది వేరే కథ, మొదలెడితే ఆగను.

మీ విషయానికొస్తే, శనివారం పట్టింపు ఉంటే జార్జియా 400 హైవే పట్టుకుని డహ్లోనెగా అనే ఊరు వెళ్ళండి, ఎండలు మొదలయ్యాక శనివారం మధ్యాహ్నాలు పాత కోర్టు బిల్డింగు, అదే గోల్డ్ మ్యూజియం, దాని దగ్గర ఎవరి వాయిద్యం వాళ్ళు తెచ్చుకుని గుండ్రంగా కూర్చుని వాయిస్తారు, టికెట్ లేదు, పెరుగన్నం డబ్బా మీరే పట్టుకెళ్ళొచ్చు. ఆరు గంటల డ్రైవుకి ఓపికుంటే వర్జీనియాలో ఫ్లాయిడ్ కంట్రీ స్టోర్, అక్కడ శుక్రవారం రాత్రి, ముందు భక్తి పాటలు, ఆ తర్వాత ముసలాళ్ళు కూడా చెక్క నేల మీద బూట్లు టకటకలాడించే డాన్సు. వర్జీనియాలోనే హిల్టన్స్ అనే ఊళ్ళో కార్టర్ ఫ్యామిలీ ఫోల్డ్ అనే కచేరీ హాలు ఉంది గానీ అది మళ్ళీ శనివారమే. 1927లో బ్రిస్టల్ అనే ఊళ్ళో టోపీల గోడౌన్ మేడ మీద పేరుమోసిన కంట్రీ పాటల రికార్డింగులు జరిగాయి చూడండి, అందులో పాడిన కార్టర్లే వీళ్ళు. ఆ హాల్లో మందు నిషేధం, పెద్దవాళ్ళతో నిశ్చింతగా కూర్చోవచ్చు.

వాయించేవాళ్ళ ముందు సీసా పెడతారు, అందులో వెయ్యడానికి నోట్లు ఉంచుకోండి, కార్డు గీకడం కుదరదు. షుగర్ ఉన్నవాళ్ళకి ఐస్ టీ అన్‌స్వీట్ అని గట్టిగా చెప్పండి, లేకపోతే పానకం వస్తుంది. వంట గురించి అడిగేటప్పుడు "మాంసం ఉందా" అని మాత్రం అడక్కండి, బేకన్, హామ్, లార్డ్, చికెన్ నీళ్ళు అని ఒక్కోటీ పేరు పెట్టి అడగండి, అదీ వెయిట్రెస్‌ని కాదు, వంటింట్లో ఉన్నవాళ్ళని.