వించ్ మీద రాసిన అంకె, బురదలో దక్కే బలం

ప్రశ్న: మాది దేవరకొండ వైపు. ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు, లోడుతో కలిపి 2,500 కిలోలు. వానాకాలంలో బావి కాడికి పోయే బాటలో దిగబడుతోంది. 9,500 పౌండ్ల వించ్ (బంపర్‌కు బిగించి, డ్రమ్ముకు తాడు చుట్టుకుంటూ బండిని లాగే మోటారు) చాలా, 12,000ది తీసుకోవాలా?

జవాబు: 9,500 చాలు. లోడుతో బండి బరువుకు ఒకటిన్నర రెట్లు చూసుకోవాలి. మీకది 3,750 కిలోలు. 9,500 పౌండ్లంటే దాదాపు 4,300. కాకపోతే డబ్బా మీద రాసిన ఆ బలం డ్రమ్ముకు ఆనుకున్న మొదటి వరుస తాడు మీదే దక్కుతుంది. వరుసలు పెరిగిన కొద్దీ డ్రమ్ము లావై లాగుడు తగ్గుతుంది. నాలుగో వరుస మీద మూడింట రెండొంతులు మిగిలితే గొప్ప. అందుకే దగ్గరి చెట్టును వదిలి దూరపు చెట్టును చూసుకోండి. అలాగని మొత్తం వదలొద్దు: ఇనుప తాడైతే కనీసం 5 చుట్లు, సింథటిక్ అయితే 8 నుంచి 10 చుట్లు డ్రమ్ము మీద ఉండాలి. తాడు కొసను బిగించిన స్క్రూ బరువు మోయదు, మోసేది ఆ చుట్ల రాపిడే.

ఇక బురద సంగతి. చక్రాలు హబ్ (చక్రం నడిమి భాగం) దాకా దిగితే ఇంచుమించు బండి బరువంత లాగుడు కావాలి. హబ్ దాటి మడ్‌గార్డ్ దాకా పోతే రెండింతలు, అంటే మీ బండికి 5,000 కిలోలు. 12,000 పౌండ్ల వించ్ కూడా పై వరుసల మీద అంత ఇవ్వదు, పైగా ముందు ఇరుసు మీద బరువు పెంచుతుంది. ఆ తేడా డబ్బులు స్నాచ్ బ్లాక్‌కు పెట్టండి. పక్క పలక తెరిచి తాడు వేసుకునే గిరక అది. దాన్ని చెట్టుకు కట్టి, తాడు కొసను తిప్పి తెచ్చి మీ బండి ఛాసిస్ హుక్కుకే తగిలిస్తే లాగుడు దాదాపు రెట్టింపు, వేగం సగం. తాడు ఎక్కువ బయటికి వస్తుంది గనుక డ్రమ్ము మీద వరుసలూ తగ్గుతాయి. చాలామంది మరిచేది ఒకటుంది: చెట్టు దగ్గరి షాకిల్ (గిరకను పట్టీకి కలిపే U ఆకారపు ఇనుప కడియం) మీద, చెట్టుకు చుట్టిన వెడల్పాటి పట్టీ మీద రెండు తాళ్ల లాగుడూ పడుతుంది. అక్కడ 4.75 టన్నుల షాకిల్ సరిపోదు, వించ్ బలానికి రెట్టింపు మోసేది పెట్టండి.

వీటన్నిటికంటే ముందు పార తీయండి. చక్రాల ముందు, ఇరుసు కింద మట్టి తోడితే వించ్‌కు చాలా పని తప్పుతుంది.

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర మా చుట్టూ వరి మడులే. తాడు కట్టడానికి చెట్టు లేదు. ఏం చేయాలి?

జవాబు: ట్రాక్టర్ దొరికితే అదే మేలు. దాని వెనక భాగం మీ బండికి సూటిగా ఉండాలి, పక్కవాటుగా గుంజితే పల్టీ కొడుతుంది. తాడు కింద ట్రాలీ తగిలించే డ్రాబార్‌కే వేయండి. పైనున్న టాప్ లింక్ దగ్గర వేస్తే ముందు చక్రాలు లేస్తాయి. బ్రేకు వేసి, వెనక చక్రాలకు వెనకవైపు రాళ్లు పెట్టి ట్రాక్టర్‌ను కదలకుండా ఉంచండి. గుంజే పని వించ్‌దే.

ట్రాక్టర్ లేకుంటే స్టెప్నీని పాతాలి. టైరు పూర్తిగా మునిగేంత గుంత తీసి, బండి వైపు గోడను నిటారుగా ఉంచి టైరును దానికి ఆనించి నిలబెట్టండి. రిమ్ము మధ్య కంతలోంచి పట్టీ పంపి, వెనక గడ్డపార అడ్డం పెట్టండి. పట్టీ బండి వైపు ఏటవాలుగా బయటికి రావడానికి సన్నని కాలువ తీయాలి. అది లేకుంటే పట్టీ టైరును పైకి లేపేస్తుంది. తర్వాత మట్టి పూడ్చి గట్టిగా తొక్కండి. తడి మడిలో ఇది నిలవదు, ఎండిన దిబ్బ కావాలి. సాగర్ ఎడమ కాలువ కట్ట మాత్రం తవ్వొద్దు.

తాడు మధ్యలో తడి గోనెసంచి వేయండి, తెగితే ఎగిరే ఊపును కొంత ఆపుతుంది. తాడు దాటడానికి ఎవరినీ పోనివ్వకండి.

ప్రశ్న: అలంపూర్ నల్లరేగడిలో దిగబడ్డప్పుడు బటన్ నొక్కితే వించ్ టిక్‌టిక్ అంటోంది, తిరగడం లేదు. మోటారు పోయినట్టేనా?

జవాబు: చాలాసార్లు మోటారుది తప్పు కాదు. పూర్తి బరువు మీద ఈ వించ్‌లు 400 ఆంపియర్ల దాకా తాగుతాయి. ఇంజన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ అందులో కొంతే ఇవ్వగలదు, మిగతాదంతా బ్యాటరీ నుంచే. మల్టీమీటర్‌ను ముందు బ్యాటరీ మీద, తర్వాత మోటారు టెర్మినళ్ల మీద పెట్టి, ఇంకొకరితో బటన్ నొక్కించండి. బ్యాటరీ దగ్గరే 10 వోల్టుల కిందికి పడితే బ్యాటరీ నీరసించింది. అక్కడ 12 ఉండి మోటారు దగ్గర పడిపోతే దోషం మధ్యలో ఉంది: తుప్పు టెర్మినల్, సన్న వైరు, కాలిన కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) పాయింట్లు. ఛాసిస్‌కు వేసిన ఎర్త్‌ను కూడా అనుమానించండి, దాన్ని నేరుగా బ్యాటరీ మైనస్‌కు తేవాలి. వైరు 35 చదరపు మి.మీ.కు తగ్గకూడదు. మోటారుకు వోల్టేజి బాగానే అందుతూ తిరగకపోతే అప్పుడు మోటారు లోపలి కార్బన్ బ్రష్‌లు చూడండి.

గుంజేటప్పుడు ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, నిమిషానికి మించకుండా లాగి ఆపండి. మోటారును చేత్తో తాకలేనంత వేడెక్కితే చల్లారేదాకా ఆగాల్సిందే.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో వించ్ కోసం ఇనుప బంపర్ వేయిస్తామంటున్నారు. ఇబ్బందా?

జవాబు: ఇబ్బందే. ఇలా బండి ముందు ఇనుప క్రాష్ గార్డులు, బుల్ బార్లు బిగించిన వాళ్ల మీద చర్య తీసుకోవాలని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో సెన్సార్ లెక్క కూడా తప్పొచ్చు. అసలు బంపర్ వెనక దాగే మౌంట్ దొరుకుతుందేమో అడగండి. ఏడాదికి ఒకటి రెండుసార్లే దిగబడే బండికైతే చేత్తో ఆడించే వైర్ రోప్ పుల్లర్ కొనుక్కోవచ్చు. నెమ్మది, చేతులు నొస్తాయి. అయితే బంపర్ వించ్ ముందుకే లాగుతుంది, ఇది వచ్చిన దారిన వెనక్కి కూడా లాగుతుంది.