"తీసేయమంటారా?" అని అడిగి స్క్రిప్టు ఆగకపోతే

లినక్స్ షెల్ (మనం రాసిన కమాండ్లను నడిపే ప్రోగ్రాం) స్క్రిప్టులో ఫైళ్ల జాబితాను వైల్ లూప్‌తో చదువుతూ, లోపల ఇంకో రీడ్ (ఒక లైను చదివే కమాండ్) పెట్టి "తీసేయమంటారా? వై/ఎన్" అని అడుగుతున్నారు. అది మీ జవాబు కోసం ఆగడం లేదు, పైగా ఒక పేరు చూపించి తర్వాతి పేరు దాటేస్తోంది. ఇదే కదా మీ సమస్య? ఫోన్లో రాస్తున్నాను కాబట్టి కమాండ్లు పలికినట్టే రాస్తాను.

లూప్ చివర "డన్ < జాబితా" అని రాశాక, లోపలున్న కమాండ్లన్నిటికీ స్టాండర్డ్ ఇన్‌పుట్ (కమాండ్ మామూలుగా చదువుకునే చోటు) ఆ ఫైలే, కీబోర్డు కాదు. బయటి రీడ్ మొదటి లైను తీసుకుంటుంది. లోపలి రీడ్ రెండో లైనును మీ జవాబు అనుకుని మింగేస్తుంది.

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. విశాఖ పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో కంప్యూటర్లు చూసేటప్పుడు అచ్చం ఇలాంటి స్క్రిప్టే నా దగ్గరికొచ్చింది. అక్కడ స్కాన్ కాపీలకు కంటైనర్ నంబరే పేరు. యాంగ్ మింగ్ అనే షిప్పింగ్ కంపెనీ కంటైనర్ల నంబర్లు చాలావరకు వై-ఎమ్-ఎల్-యు అని మొదలవుతాయి. స్క్రిప్టేమో "వై*" అని, అంటే వైతో మొదలయ్యేది ఏదైనా సరే, ఒప్పుకున్నట్టే తీసుకునేది. జాబితాలో యాంగ్ మింగ్ నంబరుకు ముందున్న ఫైలు ఎవరూ ఏమీ నొక్కకుండానే పోయేది. బ్యాకప్ ఉంది కాబట్టి సరిపోయింది.

లోపలి రీడ్‌కు "< /డెవ్/టీటీవై" తగిలిస్తే అది టెర్మినల్ నుంచే చదువుతుంది. నాకు మాత్రం జాబితాను 3వ నంబరు డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకు షెల్ ఇచ్చే నంబరు) మీద పెట్టడమే నచ్చుతుంది: బయట "వైల్ రీడ్ -ఆర్ ఫైలు <&3", చివర "డన్ 3< జాబితా". అప్పుడు కీబోర్డు కీబోర్డుగానే ఉంటుంది, లూప్‌లో ఎస్ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్లోకి లాగిన్ అయ్యే కమాండ్) వాడినా అది జాబితాను తినేయదు.

ఇక జవాబు పోల్చే పద్ధతి. "ఎన్ అంటే ఆగు, లేకపోతే తీసెయ్" అని ఎప్పుడూ రాయకండి. ఊరికే ఎంటర్ కొడితే జవాబు ఖాళీగా ఉంటుంది. ఇఫ్‌లో ఒంటి బ్రాకెట్ల మధ్య వేరియబుల్‌ను డబుల్ కోట్స్ లేకుండా పెట్టి ఉంటే, పోలిక ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ కూడా షెల్‌కు "కాదు" కిందే లెక్క. కాబట్టి నేరుగా తీసేసే లైనుకు పోతుంది! ఇఫ్ బదులు కేస్ (జవాబును నమూనాలతో పోల్చే షెల్ పద్ధతి) వాడి, ఒంటి వై గానీ పూర్తి యెస్ గానీ వస్తేనే (పెద్ద అక్షరాలైనా చిన్నవైనా) తీసేయండి. మిగతాదేదైనా, ఖాళీతో సహా, వద్దన్నట్టే.

రీడ్ విఫలమైనా వద్దన్నట్టే తీసుకోవాలి. క్రాన్‌లో (చెప్పిన టైముకు కమాండ్లను దానంతటదే నడిపే ఏర్పాటు) నడిస్తే జవాబిచ్చే మనిషే ఉండడు. "సరైన జవాబు వచ్చేదాకా అడుగు" అనే లూప్ రీడ్ ఫలితాన్ని చూసుకోకపోతే, అక్కడ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ఒక్క కీ నొక్కగానే జవాబు తీసుకునే "-ఎన్ 1" అనే రీడ్ ఆప్షన్ బ్యాష్ అనే షెల్‌లో ఉంది. ఉబుంటులో 2006 నుంచీ /బిన్/ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే ఇంకో షెల్, దానికి ఆ ఆప్షన్ తెలియదు. ఫైళ్లు తీసేసే చోట ఎలాగూ అది వద్దంటాను, చెయ్యి తగిలినా చాలు పోతాయి.

మార్చాక ఆర్ఎమ్ (ఫైళ్లు తీసేసే కమాండ్) ముందు ఈకో పెట్టి నడపండి, అప్పుడు ఆ లైను తెర మీద కనిపిస్తుందే గానీ ఏదీ పోదు. ఊరికే ఎంటర్, తర్వాత కంట్రోల్-డి (ఇన్‌పుట్ అయిపోయిందని చెప్పేది), ఆ తర్వాత వైతో మొదలయ్యే, యెస్ కాని ఏదో ఒక పదం కొట్టి చూడండి. మూడింటిలో ఏ ఒక్కదానికీ ఆర్ఎమ్ లైను తెర మీద కనిపించకూడదు.