కళ్లకు గుచ్చుకోని లేత, వెచ్చని రంగుల తోటకి ఏ మొక్కలు కొనాలి?

విశాఖలో సముద్రానికి దగ్గర ఇల్లు, ఇంటి ముందు చిన్న జాగా, ఎరుపూ పసుపూ భగ్గుమనకుండా గంధం, మీగడ, కనకాంబరం లాంటి రంగులు కావాలి అని అడిగారు. జవాబు మీ ప్రశ్నలోనే ఉందండీ. కనకాంబరం పెట్టండి. మిగతావి దాన్ని చూసి ఎంచుకోండి.

మాది పెదవాల్తేరు. పెరట్లో పెద్ద వేపచెట్టు, దాని నీడలో అమ్మ వేసిన కనకాంబరాలు ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి ఆ చెట్టు వేళ్లతో సహా ఒరిగిపోయింది. మరుసటి వేసవికి నీడ లేక కనకాంబరాలూ మాడిపోయాయి. ఆ ఖాళీ చూడలేక నర్సరీలుండే కడియం వెళ్లాను. అక్కడ నీడకి కట్టిన పచ్చ నెట్ కింద లేత నారింజ మందారం ఎంత ముచ్చటగా ఉందో! తెచ్చి సున్నం గోడ పక్కన పెట్టాక చూస్తే ఆ రంగే లేదు, వెలిసిన గులాబీ.

రెండోసారి వెళ్లినప్పుడు అమ్మ పాత నేతచీర కొంగు ముక్క పట్టుకెళ్లాను. ఉతికి ఉతికి మెత్తబడిన కనకాంబరం రంగు. ప్రతి కుండీనీ నెట్ బయటికి తెచ్చి, ఎండలో ఆ ముక్క పక్కన పెట్టి చూశాను. నర్సరీ అబ్బాయి మొదట విసుక్కున్నాడు. అరగంటకి తనే "ఇది చూడండమ్మా, మీ చీరకి సరిపోద్ది" అంటూ మోసుకొచ్చాడు. అలా వచ్చినవే మా లేత నారింజ నూరువరహాలు, గొంతులో పసుపున్న మీగడ రంగు దేవగన్నేరు, ఇటుక రంగు వెలిసినట్టుండే కాగితపు పూలు. మీరూ గుడ్డముక్క లేకుండా వెళ్లకండి.

ఉప్పుగాలి తగిలే వైపు దేవగన్నేరు, కాగితపు పూలు పెట్టండి, తట్టుకుంటాయి. గన్నేరు కూడా తట్టుకుంటుంది గానీ మొక్కంతా విషం, ఇంట్లో పసిపిల్లలుంటే వద్దు. వాటి వెనక, పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోట కనకాంబరం. వేళ్లకి బుడిపెలు కట్టి మొక్క వాడిపోతుంటే అది నులిపురుగు. పక్కన బంతి వేస్తే తగ్గుతుంది. బంతి రంగు గాఢం కాబట్టి వెనక వరుసలో వేసుకోండి.

ఈమధ్య ప్రతి ఇంటి ముందూ తెల్ల రాళ్లు పరుస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మన ఎండకి అవి కళ్లలో పొడుస్తాయి, పక్కనున్న లేత పువ్వు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. గోడకి కూడా తెలుపు వద్దు, గంధం రంగు వేయించండి. నేను ఆ ఒక్క మార్పు చేశాకే తోట తోటలా కనిపించింది.

కనకాంబరం వాసన లేని పువ్వని చాలామంది తీసిపారేస్తారు, నాకు బాధేస్తుంది. దగ్గరికెళ్లి చూడండి: రేకులన్నీ ఒక పక్కకే విసనకర్రలా విచ్చుకుని, గొంతు దగ్గర లేత పసుపు. ఎండిన వెన్ను మీద నీళ్లు పడితే కాయ టప్‌మని పగిలి గింజలు ఎగురుతాయి. మా పెరట్లో సగం మొక్కలు అలా వాటంతటవే మొలిచినవే. ఢిల్లీ కనకాంబరం అనే రకానికి మాత్రం గింజ కట్టదు. తొలకరి పడగానే తెలిసినవాళ్లింట్లో రెండు కొమ్మలు అడిగి గుచ్చుకోండి.