పచ్చిగానే తింటున్నా, ఐరన్ ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 38 ఏళ్ళు. బ్యాంకు ఉద్యోగం, ఇల్లు నల్లకుంటలో. ఏడెనిమిది నెలలుగా వండినవి మానేసి అన్నీ పచ్చివే తింటున్నాను. పొద్దున పాలకూర జ్యూస్, పదకొండింటికి పళ్ళు, మధ్యాహ్నం మొలకెత్తిన పెసలు, కీరా, క్యారెట్, కొబ్బరి, రాత్రికి నానబెట్టిన బాదం, ఖర్జూరం. పాలు, పెరుగు ముట్టను. ఉప్పు కూడా సైంధవ లవణమే. తొమ్మిది కిలోలు తగ్గాను, గ్యాస్ ట్రబుల్ పోయింది. కానీ జుట్టు రాలుతోంది, రాత్రుళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 10.4, ఫెర్రిటిన్ 8 వచ్చింది. ఇన్ని ఆకులు తింటుంటే ఐరన్ ఎలా తగ్గింది? మా అత్తగారేమో 'గడ్డి తింటే ఇంతే మరి' అంటున్నారు. మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళకుండా దారేమైనా ఉందా? ఒక్కటి దాచను. ఆఫీసులో భోజనం కాగానే అందరితోపాటు ఒక ఇరానీ చాయ్ తాగుతాను.

జవాబు: అమ్మా, ముందు ఆ రిపోర్టు సంగతి. ఫెర్రిటిన్ 15 కంటే తక్కువ ఉందంటే ఒంట్లో దాచుకున్న ఐరన్ ఖాళీ అయినట్టు. మీది 8. ఈ దశలో ఏ ఆకు తిన్నా, ఏ జ్యూస్ తాగినా కూడబెట్టడానికి చాలా కాలం పడుతుంది. డాక్టరుకు చూపించి ఐరన్ మాత్రలు రాయించుకోండి. నెలసరి రక్తస్రావం ఎక్కువగా ఉందా, అసలు సరిగ్గా వస్తోందా అన్నది కూడా చెప్పండి. ఆ సంగతి మీరు రాయలేదు గానీ నేను అడక్క తప్పదు. జర్మనీలో పచ్చి తిండి మీదే బతికేవాళ్ళను పరిశీలించి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, 45 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో సుమారు 30 శాతం మందికి నెలసరి తప్పుతూ రావడమో, పూర్తిగా ఆగిపోవడమో కనిపించింది. తిండిలో పచ్చివాటి వాటా పెరిగేకొద్దీ బరువు కూడా తగ్గుతూ పోయింది. మీరు తగ్గిన తొమ్మిది కిలోల్లో ఎంత కావాలని తగ్గారో, ఎంత తిండి చాలక తగ్గారో ఆలోచించుకోండి. తిండే తగ్గితే దాంతోపాటు ఖనిజాలన్నీ తగ్గుతాయి.

ఇక 'ఇన్ని ఆకులు' అన్నారు కదా, లెక్క చూద్దాం. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలకూరలో ఐరన్ 3 మిల్లీగ్రాములకు కాస్త తక్కువే. పెసలు గుప్పెడు, అంటే 30 గ్రాములు నానబెడితే, మొలకలు వచ్చేసరికి గిన్నె నిండుతుంది. చూడ్డానికి బోలెడు. కానీ నిండింది నీళ్ళతో. లోపలి ఐరన్ ఆ గుప్పెడు ఎండు పెసల్లో ఉన్న ఒకటిన్నర మిల్లీగ్రాములే. బాదం, కొబ్బరి, పళ్ళు అన్నీ కూడినా, మీ వయసు ఆడవాళ్ళకు అదే సంస్థ 2020లో చెప్పిన 29 మిల్లీగ్రాముల్లో సగానికి రావు. ఆ అంకె అంత పెద్దగా ఉండడానికి కారణం, మన శాకాహారంలోని ఐరన్‌లో కొద్ది భాగమే ఒంటికి పడుతుందని తెలిసి వేసిన లెక్క కావడమే.

ఒంటికి పట్టే ఆ కొద్ది భాగాన్ని పెంచేది పులుపు, తగ్గించేది మీ చాయ్. ఇరానీ డికాషన్ గంటల తరబడి మరిగిన సరుకు. అందులోని వగరు పదార్థాలు ఐరన్‌ను పట్టేసుకుంటాయి. మీరు చాయ్ తాగుతున్నందుకు నాకేం అభ్యంతరం లేదు, నా అభ్యంతరమంతా తాగే వేళ గురించే. మొలకలు తిన్న వెంటనే కాకుండా గంటన్నర ఆగి తాగండి. మీ కొలీగ్స్ వేళాకోళం చేస్తే చేయనివ్వండి. మొలకలతోపాటు సగం జామకాయ తినండి. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. చలికాలంలో ఉసిరికాయలు వస్తాయి, అవి ఇంకా మేలు. ఇక్కడ మాత్రం పచ్చి తిండిది పైచేయి. వేడి చేస్తే విటమిన్ సి పోతుంది, మీరు వేడి చేయడం లేదు. పెసల్ని మొలకెత్తించడం కూడా మంచి పనే. గింజల్లో ఐరన్‌ను, జింక్‌ను కట్టిపడేసే ఫైటిక్ ఆమ్లాన్ని మొలకెత్తే గింజ తనే కొంత విరగ్గొట్టుకుంటుంది. బాదం నానబెట్టిన నీళ్ళు పారబోస్తున్నారా? పారబోయండి.

కాల్షియం దగ్గరికొస్తే నాకు భయం వేసింది. రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. పాలు, పెరుగు లేవు. మీరు నమ్ముకున్న పాలకూర 100 గ్రాముల్లో ఉన్నదే 82 మిల్లీగ్రాములు. అందులోనూ ఆకులోనే ఉండే ఆక్సలేట్ అనే పదార్థం దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. 1988లో అమెరికాలో మనుషుల మీదే ప్రయోగం చేసి చూస్తే పాలకూరలోని కాల్షియంలో 5 శాతమే ఒంటికి పట్టింది. పాలలోది 27 శాతం పైచిలుకు పట్టింది. బ్యాంకులో పనిచేసేవారు కాబట్టి చెబుతున్నాను, పాలకూర కాల్షియం తాకట్టులో ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది. పాస్‌బుక్కులో కనిపిస్తుంది, చేతికి రాదు. చుక్కకూర, గంగవాయిల కూర, తోటకూరల్లోనూ ఆక్సలేట్ ఎక్కువే. వీటిని నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే అందులో చాలా భాగం పోతుంది. జ్యూస్ చేస్తే పోదు, ఉన్నదంతా గ్లాసులోకే వస్తుంది.

పచ్చిగానే కావాలంటే ఆకు మార్చండి. మెంతికూరలో 100 గ్రాములకు 270 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంది, ఆక్సలేట్ తక్కువ. చేదు అంటారా, సన్నగా తరిగి కొబ్బరి తురుములో, నిమ్మరసంతో కలిపితే తెలియదు. ముల్లంగి కొన్నప్పుడు పైన ఆకులు తెంపేసి ఇమ్మంటాం కదా, తెంపించకండి. లేతవి కోసుకుని కీరాలో కలపండి. క్యాబేజీ కూడా మంచిదే.

నువ్వులు మన ఇళ్ళలో ఉన్న పెద్ద దిక్కు. తెల్ల నువ్వుల్లో 100 గ్రాములకు 1283 మిల్లీగ్రాముల కాల్షియం అని పట్టికల్లో ఉంది. రెండు మెలికలున్నాయి. ఒకటి, ఆ కాల్షియం ఎక్కువ భాగం పొట్టులో ఉంటుంది. సూపర్ మార్కెట్లో మెరిసిపోయే పొట్టు తీసిన నువ్వులు కొంటే డబ్బులు దండగ. బేగంబజార్‌లో అడిగితే పొట్టుతో ఉన్నవి దొరుకుతాయి, కొంచెం మట్టి రంగులో ఉంటాయి, రాళ్ళు ఏరుకోవాలి. రెండు, ఆ పొట్టులోనూ ఆక్సలేట్ ఉంది కాబట్టి అంకె చూసి మురిసిపోకూడదు. అయినా రోజుకు 30 గ్రాములు, అంటే మూడు పెద్ద చెంచాలు, తింటే లాభమే. రాత్రి నానబెట్టి, పొద్దున పచ్చిమిర్చి, కొత్తిమీర, కాస్త చింతపండు వేసి మిక్సీలో తిప్పండి. గింజ నలగకపోతే వచ్చింది వచ్చినట్టే పోతుంది, కాబట్టి మెత్తగా రుబ్బండి. తెలంగాణ ఇళ్ళలో పచ్చి పులుసులో నువ్వుల పొడి వేసేది ఎందుకనుకున్నారు? మీది పొయ్యి ముట్టని వంట కాబట్టి పోపు మానేసి, నువ్వులు వేయించకుండా చేసుకోండి. రుచి కొంచెం తగ్గుతుంది, ఆ మాట ముందే చెబుతున్నాను.

నా సలహా అడిగితే, రోజుకో కప్పు పెరుగు తినండి. ఆకుకూర ఒక్కటి ఉడికించుకోండి. పొయ్యి వెలిగించగానే మీ వ్రతం చెడిపోదు. అది కుదరదంటే కాల్షియం మాత్ర వేసుకోవాల్సి వస్తుంది, దాన్ని ఐరన్ మాత్రతో కలిపి మింగకూడదు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి.

మంచినీళ్ళ సంగతి ఎవరూ అడగరు, నేనే చెబుతాను. నగరంలో బోరు నీళ్ళలో కాల్షియం ఉంటుంది, బకెట్ అంచున తెల్లగా పేరుకునేది అదే. తాగే నీటి ప్రమాణాల్లో లీటరుకు 75 మిల్లీగ్రాముల కాల్షియం దాకా మంచిదనే ఉంది. ఆర్‌ఓ ఫిల్టర్ దాన్ని చాలావరకు తీసేస్తుంది. నీళ్ళలో కలిసిన ఆ కాల్షియం పాలలోది పట్టినట్టే ఒంటికి పడుతుంది. మీ ఇంటికి కృష్ణా, గోదావరి నల్లా నీళ్ళే వస్తుంటే ఆర్‌ఓ అవసరమా అని ఆలోచించండి. కాచి చల్లార్చినవి తాగమంటే అదీ వండినట్టే అంటారేమో!

సైంధవ లవణం మానేయండి. మానలేకపోతే అయోడైజ్డ్ అని అట్ట మీద రాసి ఉన్నదే కొనండి. అయోడిన్ కలిపిన ఉప్పు రోజుకు 5 గ్రాములు తింటే సుమారు 75 మైక్రోగ్రాములు అందుతుంది, అది అవసరమైన దాంట్లో సగం. మీకు పాలు, చేపలు లేవు కాబట్టి ఆ సగమూ వదులుకోవడం మంచిది కాదు. జుట్టు రాలుతోందన్నారు కాబట్టి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. జింక్ కోసం గుమ్మడి గింజలు నానబెట్టి తినండి, అయితే 30 గ్రాముల్లో రెండు మిల్లీగ్రాముల పైన మాత్రమే ఉంటుంది, మీకు కావలసింది 13. శనగలు, పెసలు, పల్లీలు కూడా ఉండాలి.

మెగ్నీషియం, పొటాషియం గురించి బెంగ వద్దు. పచ్చి తిండిలో అవి పుష్కలం. పిక్కలు పట్టేయగానే మెగ్నీషియం మాత్రలు కొనుక్కునే అలవాటు ఇప్పుడు ఊరంతా ఉంది. మీ విషయంలో ముందు చూడాల్సింది విటమిన్ డి, కాల్షియం. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కౌంటర్ వెనకే ఉంటే ఎండ ఎక్కడ తగులుతుంది? బి12 ఖనిజం కాదు గానీ నడిమధ్యలో కోబాల్ట్ అనే లోహం ఉన్న విటమిన్. మొక్కల్లో దొరకదు. పరీక్ష చేయించి మాత్ర వేసుకోండి. ఇందులో చర్చకు తావు లేదు.

మీ అత్తగారికి నా మాటగా చెప్పండి, గడ్డి తినడం వల్ల కాదు, సరైన గడ్డి ఎంచుకోకపోవడం వల్ల.

ఒక చిన్న హెచ్చరిక. మూసీ దిగువన మురుగు నీటితో ఆకుకూరలు పండించే చేలున్నాయన్నది ఈ ఊళ్ళో తెలియనిది కాదు. ఉడికిస్తే క్రిములు చస్తాయి, మీరు ఉడికించరు. లోహాలు అంటితే ఉప్పునీళ్ళలో కడిగినా పోవు. రైతుబజార్‌లో ఏ ఊరి నుంచి తెచ్చారో అడగండి, చాలామంది చెబుతారు. బాల్కనీలో వెడల్పాటి టబ్బు ఉంటే మెంతులు చల్లండి. నెల తిరక్కుండా కోతకొస్తుంది.

ప్రశ్న: నా వయసు 58, దిల్‌సుఖ్‌నగర్. కిడ్నీలో కాల్షియం ఆక్సలేట్ రాయి తీశారు. మా అబ్బాయి ఆరోగ్యమంటూ రోజూ పాలకూర, బీట్‌రూట్, బాదం కలిపి గ్రీన్ స్మూతీ ఇస్తున్నాడు. కాల్షియం రాయి కాబట్టి పాలు, పెరుగు మానేశాను. సరేనా?

జవాబు: సరిగ్గా తిరగేశారు. మానాల్సింది స్మూతీ. పాలకూర, బీట్‌రూట్, బాదం, మూడూ ఆక్సలేట్ ఎక్కువున్నవే, ఒక్క గ్లాసులో మూడూ చేరాయి. పెరుగు మాత్రం భోజనంతోపాటు తినాలి. తిండిలోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌తో జతకట్టి బయటికి పోతుంది. కాల్షియం తగ్గిస్తే ఆ ఆక్సలేట్ ఒంట్లోకి ఎక్కి కిడ్నీకి చేరుతుంది. మాత్రల రూపంలో కాల్షియం మాత్రం డాక్టర్ని అడక్కుండా వద్దు. మూత్రం నీళ్ళలా తేటగా వచ్చేదాకా నీళ్ళు తాగండి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఉప్పు తగ్గించండి, ఊరగాయ కూడా ఉప్పే. మీ అబ్బాయిని తిట్టకండి పాపం, నిమ్మకాయ నీళ్ళు ఇవ్వమనండి. అందులోని సిట్రేట్ అనే పదార్థం మళ్ళీ రాయి కట్టకుండా మీకు పనికొస్తుంది.

ప్రశ్న: పెసలు, శనగల్లాగే రాజ్మా కూడా మొలకెత్తించి పచ్చిగా తినొచ్చా? సొరకాయ జ్యూస్ మంచిదేనా? (గృహిణి, కూకట్‌పల్లి)

జవాబు: రాజ్మా పచ్చిగా అస్సలు వద్దు. మొలకెత్తినా వద్దు. అందులోని లెక్టిన్ అనే విషం నాలుగైదు గింజలకే వాంతులు, విరేచనాలు పట్టిస్తుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కుతకుత ఉడికించాలి, కుక్కర్లో పెట్టడం మేలు. సన్నని సెగ మీద సగం ఉడికినవి ఇంకా ప్రమాదం. సొరకాయ అయితే కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయంతా పారేయండి, తేనె కలిపి తాగేయకండి. చేదు సొరకాయ జ్యూస్ తాగి ప్రాణాలు పోయిన సంఘటనలు మన దేశంలో ఉన్నాయి. పెసల మొలకలు మే నెలలో కౌంటర్ మీద వదిలేస్తే పూటలో జిగురెక్కుతాయి. రోజుకు రెండు మూడుసార్లు కడిగి, మొలక రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి. గర్భిణులు, చిన్న పిల్లలు, ముసలివాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళకు ఆవిరి మీద ఒకసారి ఉడికించి పెట్టండి.