నదిలో నల్ల ఆల్చిప్పలు

ప్రశ్న: స్కాట్లాండ్‌లో నది ఒడ్డునే మా ఇల్లు. మోకాలిలోతు నీళ్లలో, గులకరాళ్ల మధ్య అరచేయంత నల్లటి ఆల్చిప్పలున్నాయి. మావాడు ఒకటి పైకి తీశాడు. వాటిలో ముత్యాలుంటాయా? అన్నీ పెద్దవే, చిన్నవి ఒక్కటీ కనిపించవేం?
- ఒక పాఠకురాలు

జవాబు: అవి మంచినీటి ముత్యపు చిప్పలే అయ్యుండాలి. వందేళ్లకు పైగా బతుకుతాయి. ముత్యం దొరికేది ఏ కొద్ది చిప్పల్లోనో, అదీ పైకి చూసి చెప్పలేం. తెరిచి చూస్తే మాత్రం కండరం తెగి చచ్చిపోతుంది. బ్రిటన్‌లో 1998 నుంచి వీటిని తీయడం, కదిలించడం కూడా నేరమే. కాబట్టి పిల్లల్ని ఇకపై అక్కడ నీళ్లలోకి దింపకండి. ఎప్పుడైనా పొరపాటున ఒకటి చేతికొస్తే విసిరేయకుండా, తీసిన చోటే మెల్లగా పడుకోబెట్టండి. చిప్పలోంచి చాచే మెత్తటి కండలాంటి ‘కాలి’తో అదే తవ్వుకుని ఇసుకలోకి దిగుతుంది.

మీ రెండో ప్రశ్నే అసలైనది. ఈ జాతికి ముప్పు తెలిసేది అక్కడే. ఒక్కో ఆడ చిప్ప వేసవి చివర లక్షల్లో లార్వాలను వదులుతుంది. అవి పిల్ల సాల్మన్, ట్రౌట్ చేపల మొప్పలకు అతుక్కుంటేనే బతుకుతాయి. మరుసటి వేసవి మొదట్లో రాలిపడి, సుమారు ఐదేళ్లు గులకల అడుగునే దాక్కుంటాయి. అందుకే చిన్నవి పైకి కనిపించకపోవడం మామూలే. కానీ చాలా నదుల్లో అడుగునా లేవు. పొలాల నుంచి, కోసుకుపోయిన గట్ల నుంచి వచ్చిన ఒండ్రు రాళ్ల సందులు పూడ్చేస్తుంది. నీరు ఆడదు, ఆక్సిజన్ అందదు, పిల్ల చిప్పలు ఊపిరాడక పోతాయి. పైనున్న ముసలివి మాత్రం దశాబ్దాల పాటు బతికే ఉంటాయి. చూసేవాళ్లకు నది బాగానే ఉన్నట్టుంటుంది!

మీ గట్టు మీది చెట్లూ గడ్డీ కొట్టేయకండి, మట్టిని పట్టి ఉంచేవి అవే. సెప్టిక్ ట్యాంకు పొంగకముందే ఖాళీ చేయించండి. అందులోని ఫాస్ఫేటు నదిలోకి చేరితే నాచు పెరిగి, కుళ్లి, అదే గులకల్లో పేరుకుంటుంది. పిల్లలు సరదాగా రాళ్లతో అడ్డుకట్టలు కట్టినా చిప్పలు కదులుతాయి, కింద నీరు తగ్గుతుంది.

ఒడ్డున తెరిచి పడేసిన చిప్పల కుప్ప కనిపిస్తే దొంగలు ముత్యాల కోసం వచ్చారేమోనని అనుమానించాలి. ముట్టుకోకుండా ఫొటో తీసి, చోటు గుర్తు పెట్టుకుని పోలీసుల మామూలు నంబరు 101కి ఫోన్ చేయండి. ఎవరైనా అప్పుడే తీస్తూ కనిపిస్తే ఎదురెళ్లకుండా అత్యవసర నంబరు 999కి చేయండి. చిప్పలున్న చోటు మాత్రం సోషల్ మీడియాలో పెట్టకండి.