సుమోలో ఓటములు లెక్కపెట్టు

ఒరేయ్ చిన్నా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. టోక్యో వెళ్లి ఆర్నెల్లు కాలేదు, లంచ్ టైములో ఆఫీసులో అందరూ సుమో గురించే మాట్లాడుతుంటే బిక్కమొహం వేసుకుని కూర్చుంటున్నానన్నావు చూడు, నవ్వాగలేదు. అదే టోక్యోలో, నిషి కసాయ్‌లో కాపురం పెట్టిన కొత్తలో నాదీ అదే బతుకు. మీ పెదనాన్న ఇంటికొచ్చేసరికి ఎనిమిదయ్యేది, సాయంత్రం టీవీ పెడితే నాకు అర్థమయ్యే ప్రోగ్రాం ఒక్కటీ ఉండేది కాదు. సుమోకి మాత్రం భాష అక్కర్లేదు కదా, ఇద్దరు దిగుతారు, ఒకడు పడతాడు లేదా బరి దాటతాడు, అంతే. అలా అంటుకున్న పిచ్చి కాకినాడ వచ్చాక కూడా వదల్లేదు. అక్కడ సాయంత్రం ఆరంటే ఇక్కడ రెండున్నర, ఎన్‌హెచ్‌కే వరల్డ్‌లో లైవ్ ఉన్న రోజు కంచం పట్టుకుని దాని ముందే కూర్చుంటాను, లేని రోజు హైలైట్స్ చూస్తాను.

టైటిల్ ఎవరు కొడతారో ముందే ఎలా తెలుస్తుందని అడిగావు. తెలియదురా. కానీ రేసు ఎటు పోతోందో పసిగట్టొచ్చు, అది నేర్చుకుంటే మీ ఆఫీసులో నువ్వూ నోరు విప్పొచ్చు.

ముందు నీకు తెలిసిన క్రికెట్ లెక్కలు పక్కన పెట్టు. ఇక్కడ సెమీఫైనల్ లేదు, పాయింట్ల పట్టిక లేదు, నెట్ రన్ రేట్ గోల అసలే లేదు. ఏడాదికి ఆరు టోర్నమెంట్లు, జనవరి, మే, సెప్టెంబరు టోక్యోలో, మార్చిలో ఒసాకా, జులైలో నగోయా, నవంబరులో ఫుకుఒకా. ఒక్కోటి పదిహేను రోజులు, ఆదివారం మొదలై ఆదివారం ముగుస్తుంది. పై డివిజన్‌లో 42 మంది, ఒక్కొక్కరికి రోజుకి ఒక్కటే కుస్తీ. పదిహేను రోజుల తర్వాత ఎవరి ఖాతాలో ఎక్కువ గెలుపులుంటే కప్పు వాళ్లది. ఇద్దరు సమానంగా ఉంటే అదే సాయంత్రం మళ్లీ తలపడతారు, దాన్నే ప్లేఆఫ్ అంటారు. ముగ్గురుంటే వరసగా రెండు గెలిచినవాడిదే టైటిల్. 1996 నవంబరులో ఏకంగా అయిదుగురు 11-4తో, అంటే 11 గెలుపులు 4 ఓటములతో సమానమయ్యారు, ముసషిమరు గెలిచాడు.

ఇప్పుడు అసలు సంగతి. గెలుపులు లెక్కపెట్టకు, ఓటములు లెక్కపెట్టు. టీవీలో కూడా వాళ్లు అలాగే చూపిస్తారు, ఒక్క ఓటమితో ఫలానావాడు, రెండు ఓటములతో ఫలానా ముగ్గురు అని. గెలిస్తే తెల్ల చుక్క, ఓడితే నల్ల చుక్క. తెల్ల చుక్కలు అందరికీ వస్తూనే ఉంటాయి, రేసుని తిప్పేది నల్ల చుక్క ఎవరికి ఏ రోజు పడిందన్నదే. నేను నోట్‌బుక్‌లో గీతలు కొట్టి రాసుకునేదాన్ని, ఇప్పటికీ రాస్తాను. ఫోన్‌లో అన్నీ ఉంటాయి పెద్దమ్మా అంటావు, ఉంటాయి, కానీ చేత్తో ఒక నల్ల చుక్క పెట్టిన తర్వాత ఆ రోజు ఎవడు ఎవడి చేతిలో ఓడాడో మర్చిపోవు.

దాని పక్కనే ఇంకో గడి గీసుకో. ఇంకా ఎవరెవరితో తలపడాలి అన్నది అందులో రాసుకోవాలి. కొత్తగా చూసేవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. పై డివిజన్‌లో ర్యాంకులు పైనుంచి కిందికి యోకొజున, ఒజెకి, సెకివాకె, కొముసుబి, మిగతావాళ్లంతా మయెగషిరలు, మయెగషిర పక్కన నంబరు పెరిగేకొద్దీ ర్యాంకు కింద అన్నమాట. ఏడో రోజుకి అడుగున ఉన్న ఒక మయెగషిర కుర్రాడికి ఒక్క ఓటమి ఉందనుకో, యోకొజునకీ ఒక్కటే ఉందనుకో, ఇద్దరూ సమానం అనుకుంటావు. కానే కాదు. కుర్రాడు అప్పటిదాకా తన చుట్టుపక్కల ర్యాంకు వాళ్లతోనే పోరాడుతూ వచ్చాడు. యోకొజున మొదటి వారమంతా కొముసుబిలు, పైవరస మయెగషిరలతో తలపడి, రెండో వారంలో సెకివాకెలు, ఒజెకిలు, తోటి యోకొజునలతో ఆడాలి. కుర్రాడు అలాగే గెలుస్తూ పోతే చూస్తూ ఊరుకోరు. ఇక్కడ జోడీలు ముందే అచ్చు వేయరు, పాత వస్తాదులే జడ్జీలుగా కూర్చుని ఏ రోజుకారోజు రేపటి జోడీలు వేస్తారు. రేసులో ఉన్న చిన్న ర్యాంకువాణ్ణి లాక్కొచ్చి పెద్దవాళ్ల ముందు నిలబెడతారు. అంటే వాడికి ముందుంది ముసళ్ల పండగ.

2024 మార్చిలో ఒసాకాలో తకెరుఫుజి అని ఒక కుర్రాడు, మయెగషిర 17, పై డివిజన్‌లో అదే మొదటి టోర్నమెంటు, పెద్ద వస్తాదులు వేసుకునే పెద్ద ముడికి జుట్టు కూడా ఇంకా అందలేదు. మొదటి వారం గెలుస్తుంటే నేను పెద్దగా పట్టించుకోలేదు, వారం తర్వాత దిగిపోతాడులే అనుకున్నాను. పదకొండో రోజు ఒజెకి కొతొనొవక మీదికి పంపారు, గెలిచాడు. ఆయనే ఇప్పుడు కొతొజకుర అని పేరు మార్చుకున్నాడు, నువ్వు పాత వీడియోలు చూసి ఇద్దరనుకునేవు. పన్నెండో రోజు మరో ఒజెకి హోషోర్యు చేతిలో మొదటి ఓటమి. సరే, ఇక జారిపోతాడు అనుకుంటే పదమూడో రోజు సెకివాకె వకమొతొహరుని ఓడించాడు. పద్నాలుగో రోజు అసనొయమ చేతిలో ఓడుతూ కుడి చీలమండ మెలితిరిగింది, అంబులెన్సులో తీసుకెళ్లారు. మర్నాడు కాలికి కట్టుతో వచ్చి గెలిచి కప్పు పట్టుకెళ్లాడు. తొలి టోర్నమెంటులోనే టైటిల్ కొట్టడం 1914 తర్వాత, అంటే 110 ఏళ్లలో అదే మొదటిసారి. కాబట్టి ముసళ్లని దాటలేరని నేననను. ఎప్పుడు నమ్మాలో చెప్తున్నాను, ఒజెకి దెబ్బ తగిలాక కూడా నిలబడితే అప్పుడు నమ్ము.

2025 జులైలో నగోయాలో మయెగషిర 15 కొతొషోహో 13-2తో కొట్టేశాడు, అప్పుడు కూడా నా లెక్క తప్పింది, నవ్వుకో.

ఇంకో మెలిక. ఒకే శిక్షణాలయం, అదే వాళ్లు హెయ అంటారు, అందులో ఉన్నవాళ్లని ఒకరిమీదికి ఒకర్ని పంపరు. అన్నదమ్ముల్నీ అంతే. టైటిల్ కోసం సమానమై ప్లేఆఫ్ వస్తే మాత్రమే తలపడాలి. అంటే ఒక హెయలో బలమైనవాళ్లు నలుగురుంటే ఆ నలుగురికీ మూడు గట్టి కుస్తీలు తప్పినట్టే, బయటివాడికి మాత్రం నలుగురూ తగులుతారు. తొంభైల్లో యోకొజున తకనొహన ఉన్న హెయ గురించి జనం ఇదే సణిగేవారట. 1995 నవంబరులో ఆయనా, అన్న వకనొహనా 12-3తో సమానమై ప్లేఆఫ్‌కి దిగాల్సి వచ్చింది. అన్న గెలిచాడు. ఆ వీడియో దొరికితే చూడు, ఇద్దరి మొహాల్లోనూ ఆనందం కనపడదు.

ఇక నా సొంత పరువు పోయిన కథ. 2017 సెప్టెంబరు. యోకొజునలు నలుగురుంటే ముగ్గురు గాయాలతో మొదటి రోజు నుంచే రాలేదు, మిగిలింది హరుమఫుజి ఒక్కడే. ఆయనేమో మూడు, నాలుగు, అయిదు రోజుల్లో వరసగా ఓడాడు. ఒజెకి గోయేదో పదకొండు రోజులకి 10-1. హరుమఫుజి 7-4. మూడు ఓటముల తేడా, మిగిలింది నాలుగు రోజులు. మీ పెదనాన్నతో పందెం కాశాను, గోయేదో గెలవకపోతే నెలరోజులు ఆఫీసు క్యారేజీలోకి రోజూ మీరడిగిన కూరే అని. ఆయన ఏమీ మాట్లాడకుండా నా నోట్‌బుక్ తీసుకుని గోయేదో వరసలో వేలు పెట్టి, వీళ్లిద్దరూ ఇంకా తలపడలేదు కదే అన్నారు. పడితే ఏంటి, మూడు తేడా ఉంది అన్నాను.

పన్నెండో రోజు గోయేదో ఓడాడు. పదమూడో రోజు మళ్లీ ఓడాడు. రెండూ మయెగషిరల చేతిలోనే. నిజానికి ముందే కనిపిస్తోంది, వెనక్కి తగ్గుతూ ఎదుటివాణ్ణి కిందికి లాగి పడెయ్యడం ఆయన అలవాటు, అది పనిచేసినన్నాళ్లు గెలుపుల్లో బలహీనత కనపడదు. హరుమఫుజి అవతల గెలుస్తూ వచ్చాడు. పద్నాలుగో రోజు ఇద్దరూ గెలిచారు. తేడా ఒకటి. అయినా నాకు ధైర్యమే, చివరి రోజు గోయేదో ఒక్కటి గెలిస్తే చాలు కదా. ఆ ఆదివారం నాకు తెలిసినావిడ ఇంట్లో దసరా బొమ్మల కొలువు పేరంటం, నాలుగింటికి వెళ్లిపోయాను. ఏడింటికి శనగల పొట్లం పట్టుకుని తలుపు తీస్తే మీ పెదనాన్న సోఫాలో కాలు మీద కాలేసుకుని, టీవీ ఆపేసి, నా నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. గోయేదో పేరు పక్కన ఎర్ర ఇంకుతో నల్ల చుక్క పెట్టారు. ఎర్ర నల్ల చుక్క! దాని కింద ఇంకోటి. హరుమఫుజి మామూలు కుస్తీలో ఓడించి 11-4తో సమానం చేసి, కాసేపటికి ప్లేఆఫ్‌లో మళ్లీ ఓడించాడు. ఆ నెల క్యారేజీల్లో ఎన్నిసార్లు గుత్తొంకాయ వండానో నాకే తెలుసు. టోక్యోలో వంకాయ ధర కనుక్కో, అప్పుడు నా బాధ తెలుస్తుంది.

తర్వాత కూర్చుని లెక్క వేస్తే అర్థమైంది. ఇద్దరికీ ఇంకా నేరుగా కుస్తీ మిగిలి ఉంటే, వాళ్ల మధ్య తేడాలోంచి ఒకటి ముందే తీసేసి చూడాలి. ఎందుకంటే ఆ రోజు ఒకడి నల్ల చుక్కే అవతలివాడి తెల్ల చుక్క. మూడు తేడా అన్నది నిజంగా రెండే. ఇల్లు అలకగానే పండగ అనుకున్నాను.

అందుకే రేసులో ఉన్నవాళ్ల మధ్య కుస్తీలు మిగిలి ఉన్నంతసేపూ ఎవరి పేరూ గట్టిగా చెప్పకు. ఆఫీసులో ఎవరైనా అడిగితే, ఇంకా వీళ్లకి వీళ్లతో ఉంది కదా అను చాలు, నీకు చాలా తెలుసనుకుంటారు.

గాయాలు కూడా చూస్తూ ఉండాలి. కుస్తీ మూడు నాలుగు సెకన్లలో అయిపోవచ్చు, కానీ దానికి ముందు ఉప్పు చల్లుకుంటూ, కూర్చుంటూ లేస్తూ నాలుగు నిమిషాల దాకా టైం ఉంటుంది. అందరూ విసుక్కునేది ఆ నాలుగు నిమిషాలకే, నేను చూసేది అదే. నిన్న మోకాలికి ఉన్న టేపు ఇవాళ పెరిగిందా, కూర్చున్నప్పుడు బరువు ఏ కాలి మీద వేస్తున్నాడు, ఓడాక బరి మీదికి ఎక్కేటప్పుడు చెయ్యి ఆసరా తీసుకున్నాడా. ఇదీ ప్రతిసారీ పనిచేయదనుకో. 2017 మార్చిలో కిసెనొసతొ యోకొజునగా మొదటి టోర్నమెంటు, పదమూడో రోజు ఎడమవైపు ఛాతీ దగ్గర దెబ్బ తగిలింది, పద్నాలుగో రోజు పోరాడకుండానే ఓడినట్టు ఓడాడు. అయిపోయిందన్నాను. చివరి రోజు, తనకంటే ఒకటి ముందున్న తెరునొఫుజిని మామూలు కుస్తీలో ఒకసారి, ప్లేఆఫ్‌లో ఒకసారి ఓడించి కప్పు పట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కానీ ఆ తర్వాత ఆయన మళ్లీ టైటిల్ గెలవలేదు, 2019 జనవరిలో రిటైరయ్యాడు. అందరూ ఆ రోజుని గొప్పగా చెప్పుకుంటారు, నాకు మాత్రం ఆ రోజు ఆయన్ని ఎవరైనా ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

కూర్చున్నవాళ్లూ ఉన్నారు. 2025 నవంబరులో ఫుకుఒకాలో చివరి రోజుకి ముగ్గురు 11-3తో సమానం, యోకొజునలు ఓనొసతొ, హోషోర్యు, ఉక్రెయిన్ నుంచి వచ్చిన కుర్రాడు అఒనిషికి. ఆఖరి కుస్తీ యోకొజునలిద్దరి మధ్య. ఆ రోజు ఓనొసతొ భుజం గాయంతో తప్పుకున్నాడు. హోషోర్యుకి బరిలో చెయ్యి కలపకుండానే గెలుపు రాసేశారు. అఒనిషికి అవతల కొతొజకురని ఓడించి, ప్లేఆఫ్‌లో హోషోర్యుని కూడా ఓడించాడు, ఒజెకి అయ్యాడు. అంటే రాత్రి వేసుకున్న లెక్కని పొద్దున్నే మళ్లీ చూసుకోవాలి, ఎవరైనా తప్పుకున్నారా అని.

ఇంకోటి మర్చిపోయాను. 7-7తో ఉన్నవాడితో జాగ్రత్త. ఎనిమిది గెలిస్తే ర్యాంకు నిలుస్తుంది, ఏడు దగ్గర ఆగిపోతే కిందికి జారతాడు, కాబట్టి టైటిల్ రేసులో ఉన్నవాడికి చివరి రోజు అలాంటివాడు తగిలితే అవతలివాడికీ అది బతుకు పోరాటమే.

వీలైతే ఒక్క రోజన్నా టోక్యోలోనే ర్యోగొకు వెళ్లి, అక్కడి సుమో హాలు కొకుగికన్‌లో చూడు. ముందు వరస మోజు వద్దు, పైన కుర్చీ సీటు చాలు, కింద పెట్టెల్లాంటి సీట్లలో నలుగురు మఠం వేసుకుని కూర్చోవాలి, నాకైతే గంటకే మోకాళ్లు పట్టేశాయి. హాలు పైకప్పు కింద 32 మంది ఛాంపియన్ల పెద్ద పెద్ద ఫోటోలు వేలాడుతుంటాయి, తల ఎత్తి చూడు. అక్కడ యకితోరి, అంటే పుల్లకి గుచ్చి కాల్చిన కోడి ముక్కలు, బాగుంటుందంటారు, నేను తినను, మీ పెదనాన్న రెండు పెట్టెలు లాగించేవారు. యోకొజున ఓడితే జనం కూర్చున్న మెత్తలు విసిరేస్తారు, విసరకూడదని మైకులో చెబుతూనే ఉంటారు. నువ్వు మాత్రం విసరకు, మీ అమ్మ నన్నంటుంది.

చివరి ఆదివారం ఒక్కటి గుర్తుపెట్టుకో, బహుమతుల కార్యక్రమం ఉంటుంది కాబట్టి ఆ రోజు కుస్తీలు మామూలు కంటే కాస్త ముందే అయిపోతాయి, ఆరింటికి చూద్దాంలే అని కూర్చుంటే కప్పు ఇచ్చేస్తుంటారు.

టోర్నమెంటుకి దాదాపు రెండు వారాల ముందు బంజుకె అని ర్యాంకుల కాగితం వస్తుంది, రిఫరీలు చేత్తో రాసినదాన్ని అచ్చు వేస్తారు, యోకొజున పేరు ఇంత లావుగా, కింది డివిజన్లవాళ్ల పేర్లు భూతద్దం పెడితే గానీ కనపడవు. ధర పెద్దగా ఉండదు. నా దగ్గరున్నవి మేం టోక్యో వదిలి వచ్చేయడంతో ఆగిపోయాయి. ఈసారిది ఒకటి కొని, మడత పెట్టకుండా, ఎవరైనా ఇటు వస్తుంటే ఇచ్చి పంపు. ఇల్లు మారేటప్పుడు పాత నోట్‌బుక్కులు మీ పెదనాన్న పారేయబోతే దాచాను, 2017ది కూడా ఉంది, ఎర్ర చుక్కలతో సహా. వచ్చినప్పుడు చూపిస్తాను.

పెద్దమ్మ